క్యాంపుకి వచ్చినవాళ్లు తర్వాత ఏమయ్యారు?

విశాఖపట్నంలో ఆరోగ్య కార్యక్రమాలకు నిధులిస్తున్న కంపెనీల సీఎస్ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) విభాగాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

విశాఖపట్నంలో స్వచ్ఛంద సంస్థలు నడిపే ఆరోగ్య కార్యక్రమాల్లో మొదట ఫీల్డ్ వర్కర్‌గా చేశాను. ఇప్పుడు ఆ కార్యక్రమాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను. మీరిచ్చే డబ్బు ఏ బస్తీలో ఎలా ఖర్చవుతోందో దగ్గర నుంచి చూస్తున్నాను. ఆ డబ్బే రాకపోతే ఈ ఊళ్లో ఎంతోమందికి తమకు షుగర్ ఉందన్న సంగతి కూడా తెలిసేది కాదు. ఆ కృతజ్ఞత మనసులో పెట్టుకునే ఈ మాటలు రాస్తున్నాను.

ఏటా మీ టేబుల్ మీదకి వచ్చే నివేదికల మొదటి పేజీలో ‘లబ్ధిదారులు’ అని ఒక పెద్ద అంకె ఉంటుంది. దాని పక్కనే ఫ్లెక్సీ ముందు నిలబడ్డ జనం ఫొటో. ఫలానా రోజున ఫలానా టెంటు కిందకి ఇంతమంది వచ్చారని ఆ అంకె చెబుతుంది. వచ్చినవాళ్లకి తర్వాత ఏమైందన్నది ఆ నివేదికలో ఎక్కడ వెతికినా దొరకదు. మీరు అడగరు, అందుకే మేం రాయం. ఆ ప్రశ్న మీరు అడగాలి. జవాబు కనుక్కోవడానికి అయ్యే ఖర్చు మీరే ఇవ్వాలి. వచ్చిన జవాబుని ముందు ఆ బస్తీవాళ్లకే చదివి వినిపించనివ్వాలి. నేను కోరేది ఇదే. మిగతా లేఖంతా ఎందుకు కోరుతున్నానో చెప్పడానికే.

ముందు ఆ అంకె ఎలా తయారవుతుందో చూడండి. ఒకావిడ క్యాంపుకి వస్తుంది. ఒక టేబుల్ దగ్గర బీపీ చూస్తారు, ఇంకో చోట షుగర్, మరో చోట కళ్లు. మూడు టేబుళ్లు, మూడు రిజిస్టర్లు. సాయంత్రం మూడూ కూడితే ఆ ఒక్క మనిషి ముగ్గురవుతుంది. రెండు నెలల తర్వాత అదే బస్తీలో మళ్లీ క్యాంపు పెడితే ఆరుగురు. ఇందులో ఎవరూ దొంగలెక్క రాయలేదు. ఫారంలో గడి అలా అడిగింది, అలా నింపారు. ఇంటి నంబరు, పేరు, వయసు పెట్టి ఒక మనిషికి ఒకే వరుస రాసుకుంటే సరిపోతుంది. కానీ అలా రాసిన మొదటి ఏడాది అంకె ఒక్కసారిగా పడిపోతుంది. పోయినేడాది కంటే తగ్గిన అంకెని పట్టుకుని రెన్యువల్ కోసం మీ ఆఫీసుకి ఎవరొస్తారు చెప్పండి?

క్యాంపు ఎక్కడ పెడతారన్నది ఇంకో సంగతి. కారు ఆగే చోట, టెంటు వేసే జాగా ఉన్న చోట, గుడి ముందో కమ్యూనిటీ హాల్లోనో పెడతారు. విశాఖలో పేదల ఇళ్లు చాలా భాగం కొండవాలున ఉన్నాయి. ఆరిలోవ వైపు గానీ, తాటిచెట్లపాలెం వైపు గానీ వెళ్లి ఆ మెట్లెక్కి చూడండి. మోకాళ్ల నొప్పులతో, గుండె జబ్బుతో, పక్షవాతంతో ఉన్న పెద్దవాళ్లు పై వరుస ఇళ్లలోనే ఉండిపోతారు. కిందకి దిగి రాగలిగినవాళ్లే క్యాంపుకి వస్తారు. వచ్చినవాళ్లలో ఇంతమందికి బీపీ ఉందని రాస్తాం, బస్తీలో మొత్తం పెద్దవాళ్లు ఎంతమంది, అందులో మనం చూడనివాళ్లు ఎంతమంది అని రాయం. మొత్తం ఎంతమందిలో ఇంతమంది అన్న కింది అంకె, అంటే హారం, లేని లెక్క అది. దాన్నిబట్టి జబ్బు తగ్గిందో పెరిగిందో ఎవరూ చెప్పలేరు. పై వరుస ఇళ్లని లెక్కలోకి తేవాలంటే ముందు ఇంటింటికీ తిరిగి జాబితా రాయాలి. అది నెల రోజుల జీతం ఖర్చు. ఆ నెలలో ఫొటోకి పనికొచ్చేదేమీ జరగదు కాబట్టి మీ బడ్జెట్లో ఆ నెలకి చోటు ఉండదు.

ఇప్పుడు ఒక్క మనిషి సంగతి చెబుతాను. పేరు చెప్పను. జాలారిపేటలో చేపలమ్మే ఆవిడ. తెల్లవారక ముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వేలంలో బుట్టెడు చేపలు పాడుకుని, ఆటోలో వేసుకుని కాలనీలకి తీసుకెళ్లి అమ్ముతుంది. ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఒక ఆదివారం క్యాంపులో బీపీ 170/100 వచ్చింది. డాక్టరు గారు ఉప్పు తగ్గించమని చెప్పి పది రోజుల మాత్రలిచ్చారు. రిజిస్టర్లో ఆవిడ పేరు ఎదురుగా ‘చికిత్స అందించబడినది’ అని పడింది. సంస్థ దృష్టిలో ఆవిడ కథ అక్కడితో అయిపోయింది. తర్వాత ఫాలో-అప్ కోసం మా వర్కర్ వెళ్లిన ప్రతిసారీ ఆఫీసు వేళల్లోనే వెళ్లింది, పొద్దున పదకొండింటికి. రిజిస్టర్లో ‘ఇల్లు తాళం’ అని రాసింది. అలా రెండుసార్లు రాశాక ఆ పేరు మీద గీత కొట్టేస్తారు, అది పద్ధతి. ఒక సాయంత్రం నేను వెళ్తే ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. “మాత్రలు అయిపోనాయమ్మా, మళ్లీ ఎవులిస్తారో తెలీక ఊరుకున్నాను” అంది. పట్టణ ఆరోగ్య కేంద్రంలో అవే మాత్రలు ఉచితంగా ఇస్తారని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆ కేంద్రం తెరిచి ఉండే వేళకి ఆవిడ వీధుల్లో చేపలమ్ముతూ ఉంటుంది. ఇక ఉప్పు తగ్గించమన్న సలహా. అమ్ముడుపోని చేపని ఉప్పేసి ఎండబెట్టుకుని తినే ఇంట్లో ఆ సలహా ఎంతవరకు నిలుస్తుందో ఎవరూ వెనక్కి వెళ్లి అడగలేదు.

నిజమైన పర్యవేక్షణ అంటే నా ఉద్దేశంలో ఇదే. ‘ఇల్లు తాళం’ అనే రెండు మాటల దగ్గర ఆగిపోకుండా, ఎందుకు తాళం, ఏ వేళకి వెళ్తే మనిషి దొరుకుతుంది, ఆ వేళకి వెళ్లే వర్కర్‌కి ఆటో చార్జీ ఎవరిస్తారు అని అడగడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తీరంలో చేపల వేట నిషేధం. ఆ రోజుల్లో ఆ ఇళ్లలో చేతిలో డబ్బు ఆడదు, మాత్రలు కొనుక్కునేవాళ్లు కూడా మానేస్తారు. మీ ప్రాజెక్టు క్యాలెండరులో ఆ 61 రోజులు కనబడుతున్నాయా?

క్యాలెండరు మాట వచ్చింది కాబట్టి ఒక సాంకేతిక విషయం చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి, మీ డబ్బు ఎక్కువగా దారి తప్పేది ఇక్కడే. చాలా నివేదికల్లో ‘క్యాంపు తర్వాత ఇంత శాతం మందికి బీపీ తగ్గింది’ అని ఉంటుంది. ఎండలో నడిచి వచ్చి, క్యూలో నిలబడి, డాక్టరు ఏం చెబుతారో అన్న టెన్షన్‌తో కూర్చున్న మనిషికి ఒక్కసారి చూస్తే బీపీ ఎక్కువే వస్తుంది. అలా ఎక్కువ వచ్చినవాళ్లనే ఏరి నెల తర్వాత మళ్లీ చూస్తే, మాత్ర ఒక్కటి కూడా వేసుకోకపోయినా అందులో కొందరికి తగ్గే ఉంటుంది. పైగా బీపీ చలికాలంలో కొంచెం ఎక్కువగా, ఎండాకాలంలో కొంచెం తక్కువగా ఉంటుంది. ఇది వైద్యులందరికీ తెలిసిన విషయమే. ఏప్రిల్లో నిధులు మంజూరై, అన్నీ కుదిరి పని మొదలయ్యేసరికి డిసెంబరో జనవరో అవుతుంది, అప్పుడు మొదటి కొలత. తర్వాతి మే నెలలో ముగింపు కొలత. మధ్యలో ఏమీ చేయకపోయినా కాగితం మీద మెరుగుదల కనిపిస్తుంది. ఆ మెరుగుదలని చూసి మీరు చప్పట్లు కొడతారు, మేమూ కొడతాం, జాలారిపేటలో మాత్రం ఏమీ మారి ఉండదు.

దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి రెండుసార్లు చూడాలి. వేరే రోజు మళ్లీ చూసి ఖాయం చేసుకోవాలి. మొదలూ ముగింపూ ఒకే కాలంలో కొలవాలి. ఇంకో మంచి పద్ధతి ఉంది. మీ డబ్బు ఎలాగూ మొదటి ఏడాది అన్ని వార్డులకీ సరిపోదు. ఏ వార్డు ముందు, ఏది తర్వాత అన్నది చీటీలు వేసి తేల్చండి. రెండో ఏడాది వంతు వచ్చే వార్డుల్లో కూడా మొదటి ఏడాది కొలతలు తీసుకోండి. పని జరిగిన చోటికీ ఇంకా జరగని చోటికీ తేడా అప్పుడు తెలుస్తుంది. చీటీలు వేశారు కాబట్టి ఫలానా కార్పొరేటర్ ఒత్తిడి వల్ల ఆ వార్డు ముందు వచ్చిందనే మాట కూడా ఉండదు.

బేస్‌లైన్, అంటే పని మొదలవక ముందు తీసిన కొలత, లేకపోతే ప్రభుత్వ సర్వే అంకె తీసుకోవచ్చు కదా అని కొందరంటారు. విశాఖ విషయంలో అందులో ఒక మెలిక ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 2019లో జరిగింది. అప్పటి విశాఖపట్నం జిల్లా అంటే పాడేరు, అరకు, చింతపల్లి ఏజెన్సీ, అనకాపల్లి అన్నీ కలిసిన పాత జిల్లా. 2022 ఏప్రిల్ 4న అది మూడు జిల్లాలైంది. ఇప్పటి విశాఖ జిల్లా దాదాపు నగరమే. కాబట్టి ఆ సర్వేలోని ‘విశాఖపట్నం జిల్లా’ రక్తహీనత అంకెని తెచ్చి గాజువాకలో మీరు చేసిన ఐరన్ మాత్రల ప్రాజెక్టుకి మొదటి కొలతగా పెడితే, పాడేరు కొండల్లోని తల్లులనీ గాజువాక కాలనీ తల్లులనీ పోల్చినట్టే. అలాంటి పోలికతో ఏ ప్రాజెక్టయినా బ్రహ్మాండంగా పనిచేసినట్టే కనిపిస్తుంది. రాష్ట్రం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. అంత పెద్ద సమస్య దగ్గర, ఎన్ని మాత్రలు పంచామన్న లెక్క చాలదు. ఎంతమంది మింగారు, మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ ఎంత అన్నది కావాలి.

ఇక ఏం అడగాలి అన్నదానికి వస్తాను. ఎక్కువ అడగొద్దు. ఇప్పటికే మా వర్కర్లు పగలు బస్తీలో తిరిగి, రాత్రి ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టి ఎక్సెల్ షీట్లు నింపుతున్నారు. ఎవరూ చదవని గడులన్నీ తీసేసి, పనికొచ్చే నాలుగైదు ఉంచండి. బీపీ కార్యక్రమమైతే బస్తీలో పెద్దవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందిని చూశాం, బీపీ ఖాయమైనవాళ్లు ఎంతమంది, వాళ్లలో గత మూడు నెలల్లో వచ్చి 140/90 కంటే తక్కువ చూపినవాళ్లు ఎంతమంది, మాత్రలు అయిపోయి ఖాళీగా ఉన్న రోజులెన్ని. అంతే. ఇది నేను కనిపెట్టింది కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2017లో మొదలుపెట్టిన బీపీ నియంత్రణ కార్యక్రమం ఇలాగే లెక్కపెడుతుంది. మొదటి విడతలో తెలంగాణ కూడా ఉంది. అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. పేరు నమోదైన మనిషి ఆ మూడు నెలల్లో రాకపోతే, ఆ మనిషిని బీపీ అదుపులో లేనివాళ్ల కిందే లెక్కవేస్తారు. రానివాళ్లని లెక్కలోంచి తీసేసే వీలు లేదు. ఈ ఒక్క నియమం పెడితే చాలు, మా సంస్థలన్నీ రానివాళ్ల ఇళ్లకి సాయంత్రాలు పరుగెడతాయి.

కంటి ఆపరేషన్లకీ అంతే. ఎన్ని శుక్లాల ఆపరేషన్లు చేశారని అడుగుతారు, మంచిదే. ఆ పక్కనే ఇంకో గడి పెట్టండి: ఆపరేషన్ అయిన కొన్ని వారాల తర్వాత ఎంతమంది కంటి చార్టులో 6/18 వరుస గానీ అంతకన్నా చిన్న అక్షరాలు గానీ చదవగలిగారు? చార్టులో అన్నిటికంటే పెద్ద అక్షరం, అంటే 6/60 కూడా చూడలేనివాళ్లు ఎంతమంది? ఈ రెండో రకం నూటికి ఐదుగురి కంటే తక్కువ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని వరుసగా కూర్చున్నవాళ్ల ఫొటో ఆపరేషన్ మర్నాటిది. చూపు వచ్చిందో లేదో ఆ ఫొటోలో తెలీదు.

డబ్బు సంగతి. సీఎస్ఆర్ మీటింగుల్లో తరచూ వినబడే మాట: “పర్యవేక్షణకి ఇవ్వాలని మాకూ ఉంటుంది, చట్టం 5 శాతం దాటనివ్వదు.” దయచేసి నిబంధన మళ్లీ చదవండి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 కింద వచ్చిన సీఎస్ఆర్ నిబంధనల్ని 2021 జనవరిలో సవరించారు. అందులో 5 శాతం పరిమితి ఉన్నది కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టే సాధారణ పరిపాలన ఖర్చు మీద. ఒక ప్రాజెక్టు రూపకల్పనకి, అమలుకి, పర్యవేక్షణకి, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు దాని కిందకి రాదని ఆ నిర్వచనంలోనే స్పష్టంగా ఉంది. అంటే చట్టం మీ చేతులు కట్టలేదు. సాయంత్రం వేళ తిరిగే ఒక ఫాలో-అప్ వర్కర్, లెక్కలు సరిచూసే ఒక మనిషి, వాళ్ల ఆటో చార్జీలు ప్రాజెక్టు ఖర్చే.

అదే నిబంధనల్లో ఇంపాక్ట్ అసెస్‌మెంట్, అంటే ప్రాజెక్టు వల్ల ఏం మారిందో చూసే మదింపు, కూడా ఉంది. మూడేళ్ల సగటున ఏటా 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు, ఆపైన ఖర్చయిన ప్రాజెక్టుల మీద, అవి పూర్తయి కనీసం ఏడాది గడిచాక, బయటి సంస్థతో చేయించాలి. 2022 సెప్టెంబరు సవరణ తర్వాత దీనికి ఆ ఏడాది మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో 2 శాతం గానీ 50 లక్షలు గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు పెట్టుకోవచ్చు. మంచి నిబంధనే, అయితే రెండు లోపాలున్నాయి. ఇరవై లక్షల, ముప్ఫై లక్షల ప్రాజెక్టులు దీని కిందకి రావు, మన బస్తీల్లో జరిగేవి ఎక్కువగా అలాంటివే. రెండోది, ఏడాది తర్వాత మదింపుకి వచ్చే బయటి సంస్థవాళ్లకి ప్రాజెక్టు మొదలైనప్పటి కొలతలు ఉండవు. అద్దె ఇళ్లవాళ్లు కొందరు ఈలోగా పెందుర్తి వైపో మధురవాడ వైపో మారిపోయి ఉంటారు. మిగిలినవాళ్లని ‘అప్పుడు మీ ఆరోగ్యం ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది’ అని అడుగుతారు. ఇంటికొచ్చిన మనిషిని నొప్పించడం ఎందుకని వాళ్లు ‘బాగుందమ్మా’ అంటారు. ఆ ‘బాగుంది’ని శాతంలోకి మార్చి మీ బోర్డు ముందు పెడతారు.

మధ్యలో తనిఖీ చేసుకోవడానికి లక్షలు కూడా అక్కర్లేదు. మీ ఫ్యాక్టరీల్లో క్వాలిటీ విభాగం సరుకు మొత్తం విప్పి చూడదు. లాట్ నుంచి కొన్ని తీసి చూసి, తప్పిన వాటి సంఖ్య ఒక గీత దాటితే లాట్ మొత్తం వెనక్కి పంపుతుంది. ఆ పద్ధతినే ఆరోగ్య కార్యక్రమాల్లో కొన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు. ఒక సూపర్‌వైజర్ కింద ఉన్న ఏరియాలో జాబితా నుంచి యాదృచ్ఛికంగా 19 మందిని తీసి ఇంటికెళ్లి అడగాలి. లక్ష్యం 80 శాతం అనుకుంటే, ఆ 19 మందిలో కనీసం 13 మందికి సేవ అంది ఉండాలి. 13 కంటే తగ్గితే ఆ ఏరియాలో ఏదో తేడా ఉందని, వెంటనే చూడాలని అర్థం. ఇద్దరు మనుషులు రెండు మూడు సాయంత్రాల్లో చేయగలిగే పని. ఆ ఏరియాలో పనిచేసే వర్కర్ తన ఏరియానే తనిఖీ చేయకూడదు, అంతే. ఆంధ్రా మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విద్యార్థులు, ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ విద్యార్థులు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఫీల్డ్ వర్క్ వాళ్ల చదువులో భాగమే. అడిగి చూడండి.

స్వచ్ఛంద సంస్థలు ఇంత లెక్క పాటించగలవా అని మీకు అనుమానం రావచ్చు. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ నడిపే సంస్థ 1990లలో చేసింది. పురిట్లో బిడ్డలకి ఇంటి దగ్గరే సంరక్షణ అందించే పని 39 గ్రామాల్లో పెట్టి, పక్కనే మరో 47 గ్రామాల్లో ఆ పని పెట్టకుండా, రెండు చోట్లా పుట్టుకలూ చావులూ ఒకే తీరుగా రాసుకున్నారు. పని జరిగిన గ్రామాల్లో నెలలోపు శిశు మరణాలు వెయ్యికి 62 నుంచి 25.5కి దిగాయి. 1999లో ఆ ఫలితం ప్రచురించాక దేశం వినక తప్పలేదు. ఇవాళ ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్లకి వెళ్లి బిడ్డని తూచి చూస్తున్నారంటే దాని మూలం ఆ లెక్కల్లో ఉంది. ఒక చిన్న సంస్థ చావుల్ని దాచకుండా లెక్కపెట్టినందువల్ల వచ్చిన మేలు అది.

చెడ్డ ఫలితం బయటపెట్టిన ఉదాహరణా ఉంది. మన పక్క ఒడిశాలో గ్రామ్ వికాస్ అనే సంస్థ పొగ తక్కువ వచ్చే పొయ్యిలు కట్టించింది. దాని మీద పరిశోధకులు కొన్నేళ్ల పాటు జరిపిన అధ్యయనంలో, మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గిందని, రెండో ఏటికల్లా ఆ తేడా పోయిందని, ఆరోగ్యంలో మార్పు కనిపించలేదని తేలింది. పొయ్యిలు సరిగా వాడలేదు, మరమ్మతులు చేసుకోలేదు. మూడు నెలలకే కొలిచి ఊరుకుని ఉంటే అదొక విజయగాథ అయ్యేది. ఆ తలుపు తెరిచి పరిశోధకుల్ని లోపలికి రానిచ్చిన సంస్థని నేను గౌరవిస్తాను. మీరూ గౌరవించాలి. మొదటి ఏడాది చెడ్డ అంకె తెచ్చిన సంస్థకి రెండో ఏడాది నిధులు ఆపబోమని ఎంఓయూలో (ఒప్పంద పత్రంలో) రాసివ్వండి. ఏం మార్చుకుంటారో చెప్పమని అడగండి, అది సబబు. ఆపేస్తారన్న భయం ఉన్నంతకాలం మీకు మంచి అంకెలే వస్తాయి.

హాని జరిగితే ఎవరు చూస్తారన్నది కూడా ముందే రాసుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో, 2009లో, ఖమ్మం జిల్లాలో పాత్ అనే అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థ ఐసీఎంఆర్‌తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకాలు వేయించింది. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. కొందరు పిల్లల మరణాలకి టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ కమిటీ అభిప్రాయపడింది. కానీ ఎంతోమంది పిల్లల తరఫున తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి, టీకా తర్వాత పిల్లలకి ఏమవుతోందో పట్టి చూసే గట్టి వ్యవస్థ లేదన్న సంగతి అప్పుడే బయటపడ్డాయి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం చాలా కఠినంగా మాట్లాడింది. మంచి టీకా మీద కూడా జనానికి నమ్మకం పోవడానికి ఆ నిర్లక్ష్యం చాలు. మీ క్యాంపుల్లో మాత్ర పడక దద్దుర్లు వస్తే, ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడితే, ఆ మనిషి రాత్రి పూట ఏ నంబరుకి ఫోన్ చేయాలి? ఆ ఫోన్ ఎవరెత్తుతారు? నివేదికలో అలాంటి ఫోన్లకి ఒక గడి ఉందా? ఫొటోల విషయం కూడా ఇక్కడే చెబుతున్నాను. హెచ్ఐవీ, టీబీ, మానసిక ఆరోగ్య కార్యక్రమాలకి వచ్చినవాళ్ల ముఖాలు దయచేసి అడగొద్దు. జియోట్యాగ్ (ఫొటో ఎక్కడ తీశారో చూపే గుర్తు) కావాలంటే ఖాళీ టెంటు ఫొటో చాలు.

చివరిగా, ఈ లెక్కలన్నీ ఎవరికి చెప్పాలి అన్నది నా మనసుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న విషయం. మన రాష్ట్రానికి ఇందులో ఒక వారసత్వం ఉంది. 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. చదువుకున్న కూలీల పిల్లలే మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ‘నీ పేరున ఇన్ని రోజులు పని, ఇంత కూలి పడింది, ముట్టిందా’ అని అడిగి, సభ పెట్టి అందరి ముందూ చదివారు. దేశం మొత్తం వచ్చి చూసి నేర్చుకుంది. అదే ఏళ్లలో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ప్రజలే ఆరోగ్య సేవల్ని పర్యవేక్షించే ప్రయోగం తొమ్మిది రాష్ట్రాల్లో జరిగింది. ఆ తొమ్మిదింటిలో మన రాష్ట్రం లేదు. రోడ్డు పని కూలికి చేసిన పనిని మనం బీపీ మాత్రకి చేయలేదు.

దాన్ని విశాఖలో మీ డబ్బుతో మొదలుపెట్టొచ్చు. మస్టర్ రోల్‌లా పేర్లు చదవకూడదు, ఎవరికి ఏ జబ్బు ఉందన్నది వాళ్ల సొంత విషయం. మొత్తం అంకెలు చాలు. ‘మన పేటలో పెద్దవాళ్లు ఇంతమంది, ఇంతమందిని చూశాం, ఇంతమందికి బీపీ ఉంది, అదుపులో ఉన్నది ఇంతమందికే, ఫలానా నెలలో ఇన్ని రోజులు మాత్రలు లేవు, కంపెనీ ఇచ్చిన డబ్బు ఇంత, జీతాలకి ఇంత, మందులకి ఇంత, టెంటుకీ ఫ్లెక్సీకీ ఇంత’ అని తెలుగులో చదవాలి. వార్డు సచివాలయం ఆరోగ్య కార్యదర్శి, పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరు, సంస్థవాళ్లు, మీ తరఫున ఒకరు కూర్చోవాలి. జనం అడిగే ప్రశ్నలు అదే పుస్తకంలో రాసుకోవాలి. ఇంగ్లిష్‌లో రంగుల బొమ్మలతో వచ్చే మీ ఇంపాక్ట్ రిపోర్టు కంటే ఆ సాయంత్రం మీకు ఎక్కువ విషయాలు తెలుస్తాయని నేను నమ్మకంగా చెప్పగలను. ఎందుకంటే మాత్రలు ఎందుకు మానేశారో ఆ పేటవాళ్లకే తెలుసు, వాళ్లని ఇంతవరకు ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు.

కొత్త ఆర్థిక సంవత్సరం ఎంఓయూలు రాసుకునే సమయానికి నేను కోరేది ఇది. ప్రతి ఆరోగ్య ప్రాజెక్టు ఒప్పందంలో మొదటి నెల ఇంటింటి జాబితాకీ మొదటి కొలతకీ వదిలేయండి. ఫాలో-అప్‌కీ తనిఖీకీ విడిగా ఒక పద్దు పెట్టి, ఆ డబ్బుని వేరే దేనికీ మళ్లించకూడదని రాయండి. ‘లబ్ధిదారులు’ గడి స్థానంలో ‘మూడు నెలల తర్వాత’ అనే గడి పెట్టండి. ఏడాదికి ఒక్కసారైనా బస్తీ సభలో లెక్క చదవాలని షరతు పెట్టండి. ఫారాల నమూనా, 19 మంది తనిఖీ పద్ధతి, సభలో చదివే పేజీ తెలుగులో తయారు చేసి ఇవ్వడానికి నేనూ, నాతోపాటు ఫీల్డ్‌లో ఉన్న మరికొందరూ సిద్ధంగా ఉన్నాం. దానికి ఫీజేమీ అక్కర్లేదు. మీలో ఒక్క కంపెనీ ముందుకొచ్చి ఒక్క వార్డులో మొదలుపెట్టినా చాలు, ఏ వార్డన్నది చీటీ వేసి తేలుద్దాం.

ఇట్లు,
విశాఖ బస్తీల్లో పనిచేసే ఒక ఆరోగ్య కార్యకర్త
విశాఖపట్నం